డెల్టా నుంచి మన్యం కొండలకు వానాకాలపు సైకిలు ప్రయాణం: తరచుగా అడిగే ప్రశ్నలు

తొలకరి పడి కాలువలకు నీళ్లు వదిలే రోజులు వచ్చేసరికి, కోనసీమలోనూ చుట్టుపక్కల మండలాల్లోనూ సైకిలు తొక్కే మిత్రులు మమ్మల్ని ఒకే రకం ప్రశ్నలు అడగడం మొదలుపెడతారు. కొన్నేళ్లుగా వానాకాలంలో మారేడుమిల్లి దారిలో ప్రయాణాలు చేస్తున్న అనుభవంతో వాటికి ఇక్కడ సమాధానాలు రాస్తున్నాము. పల్లపు నేల మీద తొక్కడం అలవాటైనవారు కొండ దారికి, అందులోనూ తడిసిన కొండ దారికి, ఎలా సిద్ధపడాలన్నదే ఇందులోని ముఖ్య విషయం.

ఈ ప్రయాణం ఎక్కడి నుంచి ఎక్కడికి? ఎన్ని రోజులు పడుతుంది?

మేము అమలాపురంలో బయలుదేరి కొత్తపేట, రావులపాలెం మీదుగా వెళ్లి, జొన్నాడ వంతెన మీద గౌతమిని దాటి, కడియపులంక నర్సరీల పక్కనుంచి రాజమహేంద్రవరం చేరుతాము. అక్కడి నుంచి కోరుకొండ, గోకవరం, రంపచోడవరం దాటితే మారేడుమిల్లి వస్తుంది. రాజమహేంద్రవరం నుంచి మారేడుమిల్లికి సుమారు 85 కిలోమీటర్లు. అమలాపురం నుంచి లెక్క వేసుకుంటే ఒక వైపు ప్రయాణం 150 కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది.

పోను, రాను కలిపి నాలుగు రోజులు పెట్టుకోవడం మంచిది. మొదటి రోజు గోకవరం దాకా అంతా దాదాపు చదునుగానే ఉంటుంది. రెండో రోజు అడవి మొదలై, నేల ముడతలు పడినట్టు లేస్తూ దిగుతూ సాగుతుంది. అసలైన ఘాట్ రోడ్డు మారేడుమిల్లి దాటాక, చింతూరు వైపు వెళ్లే దారిలో ఉంది. కొత్తవారు ఆ ఘాట్‌లో జలతరంగిణి జలపాతం దాకా వెళ్లి వెనక్కి రావడంతో తృప్తిపడాలని మా సలహా. చింతూరు దాకా వెళ్లాలనుకునేవారు ఆ దారిని ముందు ఒకసారి పొడి కాలంలో తొక్కి చూసి ఉండాలి.

శీతాకాలం ఉండగా వానలోనే ఎందుకు వెళ్లాలి?

మన్యం వానాకాలంలో ఉన్నంత నిండుగా మరే కాలంలోనూ ఉండదు కాబట్టి. ఎండాకాలంలో రాతి మీద చారలుగా మాత్రమే కనిపించే జలపాతాలు ఆషాఢం, శ్రావణంలో రోడ్డు మీదికి వినిపిస్తాయి. మబ్బు కొండ భుజం దిగి రోడ్డు మీదికి వచ్చి, మనం అందులోంచి తొక్కుకుంటూ వెళ్లి అవతలికి తేలడం డెల్టా మనిషి మరిచిపోగలిగిన అనుభవం కాదు. ఎండ లేకపోవడం వల్ల ఒంట్లో సత్తువ నిలుస్తుందన్నది రెండో కారణం. మే నెలలో మధ్యాహ్నం రాజమహేంద్రవరం రోడ్డు మీద పది కిలోమీటర్లు తొక్కడానికి పడే కష్టంతో జూలై ముసురులో ముప్పై కిలోమీటర్లు పోవచ్చు.

ఆరుద్ర కార్తె నుంచి పుబ్బ వెళ్లేదాకా మేము వెళ్తుంటాము. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందని వింటే మాత్రం ప్రయాణం వాయిదా వేస్తాము. వాతావరణ శాఖ పసుపు రంగు హెచ్చరిక ఇస్తే ఆలోచించి బయలుదేరవచ్చు. నారింజ రంగు గానీ ఎరుపు గానీ ఇస్తే ఇంట్లోనే ఉండాలి. అక్టోబరు, నవంబరు నెలలు తుపానుల కాలం. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ ఏమైపోయిందో చూసినవారి ఇళ్లలో పుట్టినవాళ్లం కాబట్టి ఆ నెలల్లో వానను వెతుక్కుంటూ వెళ్లడం మాకు తగదని అనుకుంటాము.

మా ఊళ్లో ఏటిగట్టుకు మించిన ఎత్తు లేదు. కాళ్లను కొండకు ఎలా సిద్ధం చేసుకోవాలి?

మనకు కొండ లేదు గానీ గాలి ఉంది. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రం దాకా పోయే రోడ్ల మీద ఎదురుగాలిలో గంటసేపు ఆగకుండా తొక్కడం మంచి సాధన. అయితే గాలికీ వాలుకూ ఒక తేడా ఉంది. ఎదురుగాలిలో అలసిపోయినప్పుడు వేగం తగ్గించుకుంటే భారం బాగా తగ్గిపోతుంది. వాలు మీద ఎంత నెమ్మదిగా వెళ్లినా మన బరువును పైకి మోయవలసిందే, ఒక హద్దు కంటే నెమ్మదిస్తే సైకిలు నిలబడదు. అందుకని గాలితో పాటు వంతెనలను కూడా వాడుకోవాలి. రావులపాలెం, యానాం–ఎదుర్లంక, చించినాడ వంతెనల ఎక్కుడు దారుల్లోనూ, 1974 నాటి రాజమహేంద్రవరం–కొవ్వూరు రోడ్డు-కం-రైలు వంతెన చివర్లలోనూ, తెల్లవారుజామున బళ్ల రద్దీ లేనప్పుడు పది పన్నెండుసార్లు ఎక్కి దిగితే తొడలకు వాలు అంటే ఏమిటో తెలుస్తుంది. సీటు మీద నుంచి లేవకుండా ఎక్కడం నేర్చుకోవాలి. తడి రోడ్డు మీద లేచి తొక్కితే బరువు ముందుకు పోయి వెనక చక్రం పట్టు తప్పి జారుతుంది.

ఆరు వారాలు, వారానికి మూడు రోజుల చొప్పున ఇలా చేసి, చివరి రెండు ఆదివారాల్లో గోకవరం దాకా వెళ్లి వస్తే సరిపోతుంది.

గేర్లు లేని మామూలు సైకిలు మీద వెళ్లవచ్చా?

గోకవరం దాకా హాయిగా వెళ్లవచ్చు. ఆ తరువాత సంగతి లెక్క వేసి చూడండి. పాతకాలపు పెద్ద సైకిలుకు ముందు పళ్లచక్రానికి సాధారణంగా 44 పళ్లు, వెనక ఫ్రీవీల్‌కు 18 పళ్లు ఉంటాయి. పెడలు ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరిగి సైకిలు 5.4 మీటర్లు ముందుకు పోతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు 19 కిలోమీటర్ల వేగం వస్తుంది. చదును మీద ఇది చక్కని వేగమే. వాలు మీద అంత వేగానికి కావలసిన బలం మనలో చాలామందికి లేదు కనుక చుట్లు ముప్పైకి, ఇరవైకి పడిపోయి, ఒక్కొక్క తొక్కుకు మోకాళ్ల మీద మొత్తం బరువు వేయవలసి వస్తుంది.

ముందు 30, వెనక 34 పళ్లు ఉన్న గేరులో అయితే ఒక చుట్టుకు రెండు మీటర్ల లోపే కదులుతాము. అదే 60 చుట్లకు వేగం గంటకు ఆరేడు కిలోమీటర్లే అయినా ఊపిరి నిలుస్తుంది, మోకాలు నొప్పి పుట్టదు. కాబట్టి కొత్తది కొనేవారు గేర్లు ఎన్ని ఉన్నాయని కాకుండా, అన్నిటికంటే తేలిక గేరులో ముందు పళ్ల కంటే వెనక పళ్లు ఎక్కువగా ఉన్నాయా లేదా అని చూడాలి. ఇరవై ఒక్క గేర్లని గొప్పగా చెప్పే సైకిళ్లలో కూడా ఈ ఒక్క విషయం ఎవరూ చెప్పరు.

గేర్లు లేని సైకిలుతో వచ్చి, ఎక్కుడు వచ్చినప్పుడల్లా దిగి నడిపించుకుంటూ వెళ్లినవారు మాలో ఉన్నారు. అందులో చిన్నతనమేమీ లేదు. దిగేటప్పుడు మాత్రం ఆ సైకిలు బ్రేకులను నమ్మకుండా అప్పుడు కూడా నడిపించుకునే రావాలి.

ఎక్కడం కష్టమా, దిగడం కష్టమా?

అందరూ ఎక్కడం గురించి భయపడుతూ వస్తారు. ఎక్కడం అలసట మాత్రమే. ప్రమాదం అంతా దిగడంలో ఉంది. ఈ పేజీలో మరేదీ చదవకపోయినా ఈ సమాధానం చదవమని కోరుతున్నాము.

మనిషి, సైకిలు, సామాను కలిపి 90 కిలోల బరువు అనుకుంటే, వంద మీటర్ల ఎత్తు నుంచి దిగేటప్పుడు దాదాపు 88 వేల జౌళ్ల శక్తిని గాలీ బ్రేకులూ కలిసి మింగవలసి ఉంటుంది. మెల్లగా దిగితే గాలి మింగేది చాలా తక్కువ కాబట్టి ఆ పని దాదాపు అంతా బ్రేకుల మీదే పడుతుంది. రిమ్మును పట్టుకునే రబ్బరు బ్రేకులు తడిసినప్పుడు, లివరు నొక్కిన వెంటనే చక్రం ఆగదు. మొదటి కొన్ని చుట్లు రిమ్ము మీది నీటిని తుడవడానికే సరిపోతాయి, పట్టు ఆ తరువాత వస్తుంది. ఆ కాస్త ఆలస్యంలో సైకిలు మలుపులోకి వెళ్లిపోయి ఉంటుంది. దీనికి తోడు, వేగం రెండింతలైతే ఆగడానికి పట్టే దూరం నాలుగింతలవుతుంది.

మేము రెండోసారి వెళ్లినప్పుడు జరిగినది చెప్పాలి. బయలుదేరే ముందు రోజు మా ఊళ్లో ఒక దుకాణంలో నాలుగు బ్రేకు రబ్బర్లు మార్పించుకున్నాను. చూడడానికి కొత్తగా మెరుస్తూ ఉన్నాయి గానీ, అవి రబ్బరు కంటే ప్లాస్టిక్‌కు దగ్గరగా ఉన్నాయని గోటితో నొక్కి చూడాలని అప్పటికి నాకు తెలియదు. జలతరంగిణి నుంచి దిగుతుండగా మూడో మలుపు దగ్గర లివరు హ్యాండిలును తాకేదాకా నొక్కినా వేగం తగ్గలేదు. రోడ్డుకు కొండవైపున మట్టి కాలువ ఉండబట్టి సైకిలును అందులోకి తోలి పడిపోయాను. భుజం కమిలింది, అంతే. లేచి చక్రం చూస్తే రిమ్ము రెండు వైపులా కాటుకలాంటి నల్లని ముద్ద పేరుకుని ఉంది. వేలితో తీసి రాపాడిస్తే అందులో ఇసుక, సన్నని అల్యూమినియం రజను గరగరలాడాయి. రబ్బరు కట్టలు ఒక్క పూటలో సగానికి సగం అరిగిపోయాయి. లోయ వైపు మలుపులో ఇదే జరిగి ఉంటే ఈ సమాధానం రాయడానికి నేను ఉండేవాడిని కాదు.

అప్పటి నుంచి మేము పాటిస్తున్నవి ఇవి. దిగడం మొదలుపెట్టే ముందే వేగం తగ్గించుకోవాలి, వేగం పెరిగాక తగ్గించుకుందామనుకోకూడదు. చదునుగా ఉన్న చోట కూడా అప్పుడప్పుడు లివర్లను తేలికగా తాకించి రిమ్ములను తుడుస్తూ ఉండాలి. మలుపుకు ముందు, సైకిలు నిటారుగా ఉండగానే బ్రేకు వేయాలి, వంగిన తరువాత వేయకూడదు. రెండు బ్రేకులూ కలిపి వాడాలి. ముందు బ్రేకు అంటే భయపడి వెనకదే వాడేవారికి సగం బలం కూడా దొరకదు. రోడ్డు మీది తెల్ల గీతలు, రాలిన వెదురాకులు, వంతెనల ఇనుప అతుకులు, కల్వర్టుల పక్కన పాకుడు పట్టిన సిమెంటు నాలుగూ సబ్బు రాసినట్టు జారుతాయి. ప్రతి రెండు కిలోమీటర్లకూ ఆగి చేతులు దులుపుకోవాలి. గంటసేపు వానలో తడిసిన వేళ్లు ముడతలు పడి తిమ్మిరెక్కుతాయి, లివరు ఎంత గట్టిగా నొక్కుతున్నామో మనకే తెలియదు.

డిస్కు బ్రేకులుంటే ఈ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది, డబ్బు పెట్టగలిగినవారు వాటికే పెట్టాలి. కానీ అవి టైరుకు రోడ్డు మీద పట్టునివ్వవు. బ్రేకు బాగా పట్టిన చక్రం కూడా జారుతుంది.

టైర్లలో గాలి ఎంత ఉండాలి?

పొడి రోజుల్లో పెట్టుకునే దానికంటే పదో వంతు తగ్గించండి. టైరు కాస్త వెడల్పుగా నేలకు ఆనుకుంటుంది. 32 మిల్లీమీటర్ల కంటే సన్నని టైర్లతో ఈ దారికి రావద్దు. వానలో పంక్చర్లు ఎక్కువ, ఎందుకంటే గాజుపెంకు తడిగా ఉంటే రబ్బరులోకి సులువుగా దిగుతుంది, పైగా టైరుకు అంటుకుని తిరుగుతూ ఉంటుంది. తడిలో ట్యూబు మీద అతుకు సరిగా అంటదు కాబట్టి అతుకు సామాను మీద ఆధారపడక రెండు కొత్త ట్యూబులు, ఒక చేతిపంపు దగ్గర పెట్టుకోండి. రంపచోడవరం దాటాక సైకిలు షాపు దొరుకుతుందని అనుకోవద్దు.

వాగు పొంగి రోడ్డు మీదుగా పారుతుంటే ఏం చేయాలి?

ఆగాలి. డెల్టాలో పెరిగిన మనకు నీరంటే భయం తక్కువ, ఈ విషయంలో అదే మన శత్రువు. మన కాలువలో నీరు లాకులు ఎత్తితే పెరుగుతుంది, దించితే తగ్గుతుంది, దాని తీరు మనకు తెలుసు. కొండవాగు అలా కాదు. మనం నిలబడిన చోట చినుకు లేకపోయినా, పైన ఎక్కడో కురిసిన వాన అరగంటలో మోకాలి లోతు నీటిని నడుం లోతుకు తెస్తుంది. వేగంగా పారే నీరు 15 సెంటీమీటర్ల లోతున్నా మనిషిని పడదోయగలదు, 30 సెంటీమీటర్లుంటే చిన్న కారును కదిలించగలదు. సైకిలు పట్టుకుని దాటేవారికి మరో ముప్పు ఉంది. చక్రాల పుల్లల మధ్య కొట్టుకొచ్చిన కొమ్మలు, తీగలు చిక్కుకుని, నీటి ఒత్తిడి అంతా సైకిలు మీద పడి మనిషిని దానితో సహా లాగేస్తుంది.

రంపచోడవరం అవతల ఒక చప్టా దగ్గర మేము ఇలాగే ఆగిపోయినప్పుడు, పశువులను తోలుకొస్తున్న ఒక కొండరెడ్డి పెద్దాయన చేతిలోని కర్రను విరిచి నీటి అంచున నేలలో గుచ్చాడు. ఏమీ మాట్లాడకుండా చుట్ట వెలిగించుకుని కూర్చున్నాడు. చుట్ట సగం అయ్యేసరికి నీరు కర్రకు రెండు వేళ్ల పైకి వచ్చింది. "పెరుగుతుంది బాబూ, ఇక్కడ ఉండద్దు, పైకి పోండి" అన్నాడు. మూడు గంటల తరువాత అదే కర్ర పూర్తిగా బయటపడి, దాని చుట్టూ బురద ఆరడం మొదలైంది. అప్పుడు ఆయన మందతో ముందు దాటాడు, వెనక మేము దాటాము. అప్పటి నుంచి మేము కూడా పుల్ల గుచ్చి చూస్తున్నాము. నీరు తగ్గుతున్నా సరే, అడుగు కనిపించకపోతే దాటము. ఒక రాత్రి అక్కడే పాఠశాల వరండాలో పడుకోవలసి వచ్చినా ప్రయాణం పాడైనట్టు కాదు.

గోదావరికి వరద వస్తే కొండదారికి సంబంధం ఏమిటి?

రెండు విధాల సంబంధం ఉంది. మనం ఎక్కే కొండల్లోని వాగుల నీరు చాలావరకు చివరికి గోదావరిలోకే చేరుతుంది. అందువల్ల ధవళేశ్వరం మట్టం చూసుకుంటే కొండల్లో, దానికి ఎగువనున్న భద్రాచలం మట్టం చూసుకుంటే ఇంకా పైన, వానలు ఎలా ఉన్నాయో ఒక అంచనా వస్తుంది. భద్రాచలంలో మూడు హెచ్చరికలు వరుసగా 43, 48, 53 అడుగుల దగ్గర ఇస్తారు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75, 13.75, 17.75 అడుగుల దగ్గర ఇస్తారు. 2022 జూలైలో భద్రాచలంలో నీటిమట్టం 71 అడుగులు దాటింది. 1986 ఆగస్టులో 75 అడుగులు దాటింది.

రెండోది, తిరిగి రావడం. ధవళేశ్వరంలో రెండో హెచ్చరిక నడుస్తుంటే లంకలకు పోయే దారులు, కాజ్‌వేలు మునుగుతాయి. మీ ఊరు లంకలో గానీ ఏటిగట్టు లోపల గానీ ఉంటే, కొండ నుంచి క్షేమంగా దిగి వచ్చి ఇంటికి నాలుగు కిలోమీటర్ల దూరంలో పడవ కోసం నిలబడవలసి వస్తుంది. ఆ సమయంలో ఇంట్లోవారికి మనిషి అవసరం ఉంటుంది కాబట్టి మొదటి హెచ్చరిక రాగానే మేము ప్రయాణం మానుకుంటాము.

తడవకుండా ఉండడానికి ఏ రెయిన్‌కోటు మంచిది?

తడవకుండా ఉండడం కుదరదు. ఎక్కుడులో రెయిన్‌కోటు వేసుకుంటే లోపల చెమటతో తడుస్తాము, విప్పితే వానతో తడుస్తాము. తడిసినా చలి పట్టకుండా చూసుకోవడం మన పని. ఎక్కేటప్పుడు పలుచని, త్వరగా ఆరే బనియను చాలు. శిఖరం చేరాక, దిగే ముందు, పైన గాలిని ఆపే కోటు తొడుక్కోవాలి. ఇరవై నాలుగు డిగ్రీల వాతావరణంలో కూడా తడి ఒంటితో అరగంట దిగితే పళ్లు టకటకలాడతాయి. నూలు బట్టలు, జీన్సు వద్దు, అవి నీటిని పీల్చుకుని బరువెక్కి తొడలను ఒరిపిడి పెడతాయి. ఒరుసుకునే చోట కొబ్బరినూనె గానీ వాజిలైన్ గానీ దట్టంగా రాసుకోండి. పొడి బట్టలు ఒక జత ఎరువుల సంచి లోపలి ప్లాస్టిక్ తొడుగులో మడిచి, మూతి మెలితిప్పి కట్టుకుంటే ఖరీదైన సంచుల కంటే భద్రంగా ఉంటాయి. సైకిలుకు ముందూ వెనకా మడ్‌గార్డులు తప్పక ఉండాలి. అవి మన కోసం మాత్రమే కాదు, వెనక వచ్చేవారి ముఖం మీద బురద చిమ్మకుండా ఉండడానికి కూడా.

ఏం తినాలి, ఏం తాగాలి?

వానలో దాహం తెలియదు, అందుకే చాలామంది నీళ్లు తాగడం మరిచిపోయి మధ్యాహ్నానికి కాళ్లు పట్టేసి కూర్చుంటారు. గంటకు అర లీటరు, అందులో చిటికెడు ఉప్పు, కాస్త బెల్లం. తెల్లవారుజామున బయలుదేరే ముందు తరవాణి అన్నం తినే అలవాటు మా ఇళ్లలో ఇంకా ఉంది. దాన్ని మించిన ఆహారం ఈ ప్రయాణానికి మేము చూడలేదు. రావులపాలెంలో చక్రకేళి అరటిపళ్లు తీసుకుని ముప్పావు గంటకు ఒకటి చొప్పున తింటూ పోవచ్చు. సున్నుండలు, వేరుశనగ ఉండలు తడి తగలకుండా కట్టుకోండి. మారేడుమిల్లిలో వెదురు బొంగులో కాల్చిన కోడి కూర బాగుంటుంది గానీ, దాన్ని ఘాట్ దిగి వచ్చాక రాత్రికి తినాలి. వాగు నీరు చూడడానికి తేటగా ఉన్నా కాచకుండా తాగవద్దు.

పిడుగులు పడుతుంటే ఎక్కడ నిలబడాలి?

మెరుపు కనిపించాక ఉరుము వినిపించడానికి మూడు సెకన్లు పడితే పిడుగు ఒక కిలోమీటరు దూరంలో పడినట్టు. ముప్పై సెకన్ల లోపు ఉరుము వినిపిస్తే వెంటనే పక్కా ఇల్లు గానీ బస్సు, కారు లాంటి మూసిన వాహనం గానీ చేరాలి. చివరి ఉరుము తరువాత అరగంట ఆగాలి. డెల్టా రోడ్ల మీద అలవాటుగా కొబ్బరిచెట్ల కింద, తాటిచెట్ల కింద నిలబడతాము, అది అన్నిటికంటే ప్రమాదకరం. ఫోనులో దామిని యాప్ పెట్టుకుంటే చుట్టుపక్కల పిడుగుల సమాచారం వస్తుంది. కొండల్లో సిగ్నలు లేనప్పుడు అది పనిచేయదు కాబట్టి లెక్కపెట్టడం నేర్చుకోండి.

జలగలు, దోమలు, పాముల సంగతి ఏమిటి?

జలగలకు భయపడేవారు ఎక్కువ, భయపడవలసింది దోమకు. జలగ పట్టుకుంటే గోటిని దాని మూతి దగ్గర చర్మానికి ఆనించి పక్కకు నెట్టితే వదిలేస్తుంది. రక్తం గడ్డకట్టకుండా చేసే పదార్థాన్ని అది వదులుతుంది కనుక కాసేపు కారుతూనే ఉంటుంది, కంగారు పడనక్కరలేదు. మలేరియా అలా కాదు. మన్యంలో రాత్రి ఉంటే నిండు చేతుల చొక్కా, దోమతెర వాడాలి. తిరిగి వచ్చిన నెల రోజుల లోపు ఎప్పుడు జ్వరం వచ్చినా, ఏజెన్సీ ప్రాంతానికి వెళ్లి వచ్చామని డాక్టరుకు ముందే చెప్పి రక్తపరీక్ష చేయించుకోవాలి. పాము కరిస్తే కోయడం, కట్టు బిగించడం చేయకుండా కదలికలు తగ్గించి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. 108 నంబరు గుర్తుంచుకోండి.

ఒంటరిగా వెళ్లవచ్చా? ఆడవాళ్లు వస్తారా?

ఒంటరిగా వద్దు. ముగ్గురు ఉండడం మంచిది, ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు దగ్గర ఉండవచ్చు, ఒకరు సాయానికి వెళ్లవచ్చు. ఆడవాళ్లు వస్తారు, మాతో పాటు తొక్కే ఇద్దరు ఉపాధ్యాయినులు ఎక్కుడులో మా అందరి కంటే నిదానంగా మొదలుపెట్టి అందరి కంటే ముందు పైకి చేరుతారు. చీకటి పడకముందే బస చేరడం అందరికీ వర్తించే నియమం. మబ్బు పట్టిన అడవిలో సాయంత్రం ఐదున్నరకే దారి కనిపించదు.

కొండ ఊళ్లలో ఎలా మెలగాలి?

ఇక్కడి కొండరెడ్లు, కోయలు మనకు దారి చెబుతారు, నీళ్లిస్తారు, వరండా ఇస్తారు. అడగకుండా ఇళ్లకూ మనుషులకూ ఫొటోలు తీయకూడదు. మనం హాయిగా తొక్కుకుంటూ వెళ్లే కొండ రోడ్లకు ఒక చరిత్ర ఉంది. మన్యంలో రోడ్ల కోసం గిరిజనుల చేత చేయించిన వెట్టిచాకిరీ, అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో 1922 నుంచి 1924 దాకా సాగిన పోరాటానికి ముఖ్యమైన కారణాల్లో ఒకటి. ఆ సంగతి తెలిసి తొక్కితే, ప్లాస్టిక్ కవరు పారేయడానికి చెయ్యి రాదు. వారపు సంత రోజున దారిలో మనుషులు, మేకలు, అడ్డాకుల మోపులు ఎక్కువగా ఉంటాయి. దిగేటప్పుడు గంట కొడుతూ, నడిచే వేగంతో పోవాలి.

ఈ ప్రయాణం బ్రెవే సవారీలకు పనికివస్తుందా?

పనికివస్తుంది. బ్రెవే అంటే నిర్ణీత గడువులోపు పూర్తిచేయవలసిన దూరప్రయాణపు సైకిలు సవారీ. వాటిలో 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20 గంటలు, 400కు 27 గంటలు, 600కు 40 గంటలు గడువు ఉంటుంది. మా నాలుగు రోజుల ప్రయాణంలో గడువు అంటూ ఏమీ లేదు, ఉండకూడదు కూడా. గడువు మీద కన్ను వేసి తడి ఘాట్ దిగేవారితో మేము కలిసి వెళ్లము. తడిలో తిండి, బట్టలు, పంక్చర్లు చూసుకోవడం ఇక్కడ అలవాటైతే, గడువున్న సవారీల్లో ఆ పనులు చేతికి వాటంతట అవే వస్తాయి.

మధ్యలో మానేయవలసి వస్తే తిరిగి ఎలా రావాలి?

రంపచోడవరం గానీ గోకవరం గానీ చేరితే ట్రాలీ ఆటో మాట్లాడుకోవచ్చు. సైకిళ్లను పడుకోబెట్టి, గేరు వైపు పైకి ఉంచి, మధ్యలో గోనెసంచులు వేసి తాళ్లతో కట్టాలి. అందుకు సరిపడా డబ్బు నోట్ల రూపంలో, ప్లాస్టిక్ కవరులో చుట్టి దగ్గర ఉంచుకోండి. సిగ్నలు లేని చోట ఫోనుతో చెల్లింపులు జరగవు.

ఇంటికి వచ్చాక సైకిలుకు ఏం చేయాలి?

అదే రోజు చేయాలి. మరునాటికి వాయిదా వేస్తే గొలుసు తుప్పు పట్టి ఎర్రగా మారుతుంది. బకెట్టు నీళ్లతో మెల్లగా కడగండి, బళ్ల సర్వీసింగ్ దగ్గర ఉండే వాటరు గన్నుతో కొట్టిస్తే నీరు బేరింగుల్లోకి వెళ్లి గ్రీసును బయటకు తోస్తుంది. గొలుసును గుడ్డతో తుడిచి ఆరాక ఒక్కొక్క లింకుకూ ఒక్కొక్క చుక్క నూనె వేయండి. బ్రేకు రబ్బర్లలో గుచ్చుకుపోయిన రాతి రజనును గుండుసూదితో తీసేయండి. సీటు గొట్టాన్ని పూర్తిగా బయటకు లాగి, సైకిలును తలకిందులుగా నిలబెట్టండి. మొదటిసారి చేసినప్పుడు మా వాకిట్లో ఆ గొట్టంలోంచి గ్లాసెడు ఎర్రనీళ్లు కారాయి. దాన్ని ఆ రాత్రంతా అలాగే ఆరనిచ్చి, తెల్లారి గ్రీసు రాసి బిగించాలి.